మా నాయన చూడని ఓల్ఖోవ్కా

మా నాయన జహీరాబాదు దాటి పోయింది చాలా తక్కువ. ఉపాధ్యాయుల సంఘం మీటింగులకు హైదరాబాదు, కంటి ఆపరేషనుకు బీదరు, పండుగలకు అత్తగారి ఊరు. అంతకు మించి ఆయన కాళ్లు ఎరిగిన భూమి లేదు. అయినా ఆయనకు రష్యాలో ఒక ఊరు ఉండేది. ఉండేదంటే ఆస్తి కాదు, చుట్టరికం కాదు, అక్కడ ఆయనను ఎరిగిన కుక్క కూడా లేదు. పోయిన ఆదివారం మా తమ్ముడి కోడలు స్వప్న మమ్మల్ని చూడటానికి వచ్చింది. తొంభై దాటిన మా నాయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, తిన్నరా, పన్నరా, మోకాళ్లు ఎట్లున్నయి అని మర్యాదకు అడగవలసినవన్నీ అడిగింది. ఇక ఏమీ మిగలక, "తాతయ్యా, మీరు రష్యా ఊరు గురించి చెప్తుండిరట గద, ఏం ఊరు అది?" అంది. ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నాయన వినపడనట్టు కళ్లు మూసుకున్నాడు. ఆయన చెవులు ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి.

"నన్నడుగు బిడ్డా, నేను చెప్త" అన్నాను. ఆ ఊరి చరిత్రా భూగోళమూ ఇప్పుడు పరీక్ష పెట్టినా నేను మొదటి తరగతిలో పాసవుతాను. మా ఇంట్లో పుట్టిన పాపానికి నేనూ, తమ్ముడూ అక్షరాల కంటే ముందు నేర్చుకున్నది అదే.

నాయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. చరిత్ర, భూగోళం ఆయన కొలువు. మా చిన్నప్పుడు నగరం నుంచి రష్యా పుస్తకాల వ్యాను వచ్చి బస్టాండు దగ్గర ఆగేది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, నవ్వొచ్చేంత తక్కువ ధర. ఆ ధరకు ఆశపడి మా ఊళ్లో చదువురాని వాళ్లు కూడా కొనుక్కుపోయి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవారు. నాయన మాత్రం అందులోంచి ఒక సన్నటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాడు. ఓల్ఖోవ్కా అనే చిన్న ఊరి కథ అందులో ఉందట. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఆయన ఒక్కడే గనుక, ఆయన చదివి చెప్పిందే మాకు రష్యా. తరువాతి కాలంలో ఆ పుస్తకాన్ని చెదలు తిన్నాయి. మా ఇంట్లో ఆ పుస్తకాన్ని ఆసాంతం అరిగించుకున్నది నాయన తరువాత చెదలే.

భూగోళం ముందు. అమ్మ పొద్దున్నే అలికిన వాకిలి పచ్చి ఆరకముందే నాయన ముగ్గు డబ్బా పట్టుకుని దిగేవాడు. పేడ వాసన, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, పక్కింట్లో ఆరబోసిన అల్లం ఘాటు. వీటన్నిటి మధ్య తిఖాయా నది మా వాకిట్లో తెల్లగా పారేది. తిఖాయా అంటే నెమ్మదైనది అని అర్థమట. అది తూర్పు నుంచి వచ్చి, మా తులసి గద్దె దగ్గర ఒక వంపు తిరిగి, బచ్చలి పందిరి దాటి పెద్ద నది వోల్గాలో కలిసేది. వంపు లోపల ఊరు. నీళ్లబిందె పెట్టే రాయి చర్చి, రోకలి కర్ర రేవు, చెప్పులు విడిచే చోట ఆల్డరు చెట్ల అడవి. ఆ చెట్టు ఎట్లుంటది నాయనా అని తమ్ముడు అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "తుమ్మచెట్టు లెక్కనే. గని ముండ్లుండయ్" అనేవాడు. చలికాలం నది గడ్డ కట్టి బండ్లు దాని మీదనే పోతాయని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నుదుటి మీద చెమట ధారలు కట్టేది. అమ్మ ఆ ముగ్గు మీదనే నడిచి నీళ్లకు పోయేది. ఆమె పాదాల కింద రోజూ ఓల్ఖోవ్కాకు సగం ఊరు చెరిగిపోయేది.

చరిత్ర ఇంకా గొప్పది. దొర దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు నది ఒడ్డున గుడిసె వేసుకున్నారట. తరువాత పడవ నడిపేవాడు వచ్చాడు, కమ్మరి వచ్చాడు, చర్చి వచ్చింది. ఒకసారి ఊరంతా కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు. దొర పోయాడు, చర్చిలో ధాన్యం పోశారు, అందరూ కలిసి సేద్యం చేశారు, పాల డెయిరీ వచ్చింది. కలిసి సేద్యం అన్న మాటను నాయన రెండుసార్లు పలికేవాడు. ఆయనకూ సొంత అన్నకూ మొగుడంపల్లి దారిలో ఉన్న కాస్త చెలక దగ్గర గట్టు తగాదా నడుస్తుండేది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఆ సంగతి మాకు చరిత్ర పాఠంలో రాలేదు.

ఊరిని మనసులో పెట్టుకుంటే సరిపోతుందా, ఒంటికీ పట్టించుకోవాలి కదా. నాయన పాలు లేని టీ తాగేవాడు, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని. పాలు మిగులుతున్నందుకు అమ్మకు రష్యా మీద అంతో ఇంతో గౌరవం ఉండేది. ఆదివారం స్నానం మాత్రం ఆమె భరించలేకపోయింది. ఓల్ఖోవ్కాలో వారానికి ఒకసారి ఆవిరిగదిలో కూర్చుని, ఆకుల కొమ్మలతో ఒళ్లంతా కొట్టుకుంటే నెత్తురు బాగా పారుతుందని పుస్తకంలో ఉందట. నాయన మా తడికెల స్నానాల గదికి గోనెసంచులు కట్టి, లోపల కాగుతున్న నీళ్ల కాగు పెట్టించి, పచ్చి వేప మండలతో వీపు బాదుకునేవాడు. ఒకసారి చప్పుడు విని పక్కింటి ఆమె గోడ మీంచి తొంగిచూసింది. పొగలు, వేపమండలు, లోపల మగమనిషి మూలుగు. ఆమెకు అర్థం కావలసింది వెంటనే అర్థమైంది. "ఏమమ్మా, మీ సారుకు ఎన్నొద్దుల సంది దయ్యం పట్టింది? కోహీర్ల ఒకాయన ఉన్నడు, మంచిగ దిగదీస్తడు" అంది అమ్మతో. అమ్మ తల దించుకుని, "ఇది రష్యాది, ఇడ్వదు అక్కా" అంది.

బడి పిల్లలకు ఈ జబ్బు అంటకుండా ఉంటుందా? ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన నాయన క్లాసులో ఒక పిల్లవాణ్ని లేపి, మన ప్రాంతంలో పారే నది ఏది అని అడిగాడు. వాడు చేతులు కట్టుకుని, తిఖాయా సార్ అన్నాడు. అది ఎక్కడ పుట్టింది, ఎందులో కలుస్తుంది అన్నీ వరుసగా చెప్పాడు. తనిఖీ అధికారి ఆ పేరు ఎన్నడూ వినలేదు. వినలేదని పిల్లల ముందు ఒప్పుకుంటే పరువేం కావాలి? "శభాష్, లోకల్ నాలెడ్జ్ బాగున్నది" అని భుజం తట్టి, పక్క క్లాసుకు పోయాడు. మా నాయన వీపు మీద ఎవరైనా ఆ పూట గట్టిగా ఒకటి వేసి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది. శభాష్ అన్నారు గనుక ముందుకు సాగింది.

మా అమ్మమ్మ ఊరు రాయికోడ్ దాటినాక మంజీర ఒడ్డున ఉండేది. ఆ ఊరి పేరు ఇప్పుడు ఏ బస్సు బోర్డు మీదా లేదు. నిజానికి అదే ఒక నది ఒడ్డు ఊరు, నిజానికి దానికే ఒక చరిత్రా భూగోళమూ ఉన్నాయి, కానీ దాని మీద ఎవరూ నున్నటి కాగితం మీద పుస్తకం వేయలేదు గనుక మా నాయనకు అది కనబడలేదు. ఎండాకాలం ఇసుకలో దోస పాదులు, కర్బూజ పాదులు. సాయంత్రం చెలిమె తవ్వితే ఊరే నీళ్ల వాసన. అమ్మమ్మ ఇంటి అటకెక్కితే ఉల్లిగడ్డల వాసన, కుసుమ నూనె జిడ్డు. ఆమె పొలం నుంచి వస్తూ కొంగులో ఏదో ఒకటి కట్టుకొచ్చేది. పచ్చి శనగ, రేగుపండ్లు, ఏదీ లేకపోతే ఒక పిడికెడు కంకులు. వట్టి చేతులతో ఇంటికి రావడం ఆమెకు తెలియదు.

మా వైపు ఆ కాలంలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. కొంగు కప్పుకుని, మొఖం పక్కకు తిప్పుకుని, మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని మాట్లాడేది. ఆ మనిషిని నేను. ఇద్దరూ ఒకే గదిలో మూడు అడుగుల దూరంలో కూర్చునేవారు. "సుగుణా, మీ నాయనకు ఇంకో రొట్టె కావాల్నేమో అడుగు" అని అమ్మమ్మ. "సుగుణా, మీ అమ్మమ్మకు చెప్పు, చాలని" అని నాయన. నేను రెండుసార్లు నోరు తెరవకముందే రొట్టె వచ్చేది, పోయేది. నా ఉద్యోగం ఉత్తదే అయినా దానికి దర్జా ఉండేది.

అట్లాంటి ఊరికి మంజీర మీద ప్రాజెక్టు కడుతున్నారన్న వార్త వచ్చింది. ఊరు మునుగుతుందన్నారు. ముసలివాళ్లు బడి ముందర కూర్చుని ఒక మాట అనుకున్నారు. అందరికీ కలిపి ఒకే చోట జాగా చూపించండి, ఊరు ఊరుగా పోతాం, అప్పటిదాకా ఒక్క గడప కూడా కదలం అన్నారు. చదువు లేదు గాని వాళ్లకు అడగవలసింది ఏమిటో తెలుసు. వచ్చిన ఉద్యోగులు రెండు మూడుసార్లు బతిమాలి, బెదిరించి, తిరిగిపోయారు. అప్పుడు ఎవరికో తట్టింది, ఈ ఊరి అల్లుడు జహీరాబాదులో సారు, ఆయన చెప్తే వింటారు అని. జీపు మా ఇంటి ముందర ఆగింది. నాయన ఇస్త్రీ బట్టలు వేసుకుని ఎక్కాడు, నన్ను కూడా ఎక్కించుకున్నాడు. అత్త ఎదురుగా ఉంటే ఆయనకు నేను లేకుండా జరగదు కదా.

బడి ముందర జనం నిండుగా ఉన్నారు. నాయన వాళ్లకు ఓల్ఖోవ్కా చెప్పాడు. ఇసుకలో కట్టెపుల్లతో నది గీశాడు, వంపు గీశాడు. అక్కడ కూడా ఆనకట్ట కట్టారన్నాడు. కట్టినాక ఇంటింటికీ కరెంటు వచ్చింది, చేపలు వచ్చాయి, పడవల రేవు పెద్దదైంది, పిల్లలు ఇంజనీర్లయ్యారు అన్నాడు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. ఊరి ఆడవాళ్ల వెనక, గోడకు ఆనుకుని అమ్మమ్మ నిలబడింది. కొంగు ముందుకు లాక్కుని నన్ను పిలిచింది.

"మీ నాయనను అడుగు. నీళ్లొచ్చినంక ఆ ఊరోళ్లు ఏడికి పోయిన్రట?"

నేను అడగక్కర్లేదు, ఊరందరికీ వినపడింది. నాయన ఆమె వైపు చూడకుండా నాతో అన్నాడు. "మీ అమ్మమ్మకు చెప్పు. ఊరు ఊరంత లేసి గడ్డ మీదికి పోయింది. పేరు గూడ గదే పెట్టుకున్నరు. ఎవలింటి పక్కన ఎవలుండెనో గట్లనే ఇండ్లు కట్టుకున్నరు. జర ఫికర్ జెయ్యొద్దను."

"బాయిని గూడ లేపుకపొయిన్రా, అడుగు."

జనం నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే పని అయిపోయింది. సారు అంత చదివినాయన, మన పిల్లనిచ్చిన ఇంటాయన, అబద్ధమాడతాడా అనుకున్నారు. జాగా చూపించేదాకా కదలం అన్న మాట ఆ వారంలోనే ఒక్కొక్క గడపా విడిచిపెట్టింది. ముందు పోయినవాళ్లకు మంచి చోటు దొరుకుతుందని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో ఎవరికి వాళ్లు పరుగు తీశారు.

గడ్డ మీద అందరికీ కలిపి ఊరేదీ రాలేదు. కొందరు కోహీర్ వైపు పోయారు, కొందరు బీదరు పోయి కూలి పనుల్లో కలిసిపోయారు, కొందరు ఎక్కడున్నారో ఇప్పటికీ తెలియదు. ఒకరి పెండ్లి ఒకరికి తెలియలేదు, ఒకరి చావు ఒకరికి తెలియలేదు. అమ్మమ్మకు కొడుకులు లేరు. ఒక తట్ట, ఒక ఇసుర్రాయి పట్టుకుని, ఒక బర్రెను తోలుకుని ఆమె వచ్చింది ఎక్కడికనుకున్నారు? జహీరాబాదుకు, అల్లుడింటికి. మా వైపు ఒక ఆడమనిషికి అంతకంటే తలవంపు ఇంకోటి లేదు. బర్రెను కట్టెయ్యడానికి చోటు లేక రెండో వారమే అమ్మేశారు.

రెండు గదుల ఇల్లు. అత్త, అల్లుడు, మధ్యలో నేను. ఇప్పుడు నా ఉద్యోగానికి పొద్దూ మాపూ లేదు. నాయన బయట ఉంటే ఆమె వంటింట్లో, నాయన లోపలికి వస్తే ఆమె వెనక దొడ్లో. వానాకాలంలో దొడ్లో నిలబడటానికి వీల్లేక గోడ వైపు తిరిగి కూర్చునేది. పొద్దున కొంగు కప్పుకుంటే మాపటికి గాని తీసేది కాదు. అన్నం తక్కువ తినేది. ఎందుకమ్మా అని అమ్మ అడిగితే, "పనిలేని కడుపు, గంతకే నిండుతది" అనేది. ఉదయం లేచి నది ఉండే దిక్కుకు చూసే అలవాటు పోలేదు ఆమెకు. అక్కడ మా ఎదురింటి గోడ ఉండేది.

నాయన మాత్రం కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ ముగ్గు డబ్బా తీశాడు. సాయంత్రం ట్యూషనుకు వచ్చే పిల్లలు అరుగు నిండా కూర్చున్నారు. ఓల్ఖోవ్కా ముసలివాళ్ల సంగతి చెబుతున్నాడు. అక్కడ ముసలివాళ్లంటే ఊరందరికీ ఎంత మర్యాదో, ఒక్కొక్కరికి కిటికీ ఉన్న గది ఎట్లా ఇస్తారో చెబుతున్నాడు. అమ్మమ్మ గడపలో కూర్చుని చేటలో కందిపప్పు చెరుగుతోంది. చెరిగే చప్పుడు ఆగింది. ఆమె చేట పక్కన పెట్టింది, లేచి నిలబడింది, తల మీద కొంగు వెనక్కి జారినా లాక్కోలేదు. నా వైపు చూడలేదు. పెండ్లినాటి నుంచి మొదటిసారి ఆయన మొఖంలో మొఖం పెట్టి చూసింది.

"అల్లుడా, ఆ ఊర్ల అత్తలు ఎవలింట్ల ఉంటున్నరు?"

పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్లకేం తెలుసు. జవాబు కోసం ఆమె కాసేపు నిజంగానే ఎదురు చూసింది. తరువాత కూర్చుని పప్పు చెరుక్కుంది. నాయన తువ్వాలతో నదిని తుడిచేశాడు. ఆ సాయంత్రం నుంచి ఓల్ఖోవ్కా పేరు ఆయన నోట మళ్లీ రాలేదు. అమ్మమ్మ కూడా ఆయనతో మళ్లీ నేరుగా మాట్లాడలేదు. నా ఉద్యోగం నాకు తిరిగి వచ్చింది, ఆమె మా ఇంట్లోనే కన్నుమూసేదాకా ఉంది.

ఇదంతా నేను నవ్వుతూనే చెప్పాను స్వప్నకు. వేపమండల దగ్గర ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఇన్నేళ్లుగా ఈ కథను నేను నవ్వుతూనే చెప్పుకుంటున్నాను. మా నాయన పుస్తకంలో పడిపోయిన పిచ్చి మాస్టారు, ఏదో మంచి జరుగుతుందని నమ్మి చెప్పాడు, తనూ మోసపోయాడు. అట్లా అనుకుంటే అమ్మమ్మ గోడ వైపు తిరిగి కూర్చోవడం కూడా ఎట్లాగో ఓర్చుకోవచ్చు. ఈ కాలంలో ఊళ్లు లేపడానికి అట్లాంటి అమాయకపు మాస్టారు కూడా అక్కర్లేదు. ఫంక్షన్ హాల్లో ఏసీ వేసి, తెర మీద ఫ్యాక్టరీ బొమ్మ, పచ్చగడ్డి, నవ్వే పిల్లల బొమ్మ చూపించి, బిర్యానీ పెట్టి పంపుతారు. మా వాళ్లకు కనీసం ఇసుకలో చేత్తో గీసిన నది దొరికింది, దాన్ని గీసినవాడు దాన్ని నమ్మాడు. ఆ తేడా ఒకటి ఉందని నేను గర్వంగా చెప్పేదాన్ని.

స్వప్న అప్పటికే ఫోనులో వెతుకుతోంది. ఆ పేరుతో చాలా ఊళ్లే ఉన్నాయట. నది పేరు కూడా చెప్పమంది, చెప్పాను. వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి నా ముందు పెట్టింది.

"అత్తమ్మా, ఈడ ఊరు లేదు. అంత నీళ్లే ఉన్నయ్. ఆనకట్ట కట్టినప్పుడు మునిగింది అని రాసిన్రు. జనం చుట్టుపక్కల ఊర్లకు చెదిరిపోయిన్రట."

నాకు ముందు నవ్వే వచ్చింది. మా వాకిట్లో ఏళ్ల తరబడి ముగ్గుతో బతికించిన ఊరు, ఆయన చెప్పేనాటికే నీళ్ల కింద ఉంది, గడ్డ మీదికి లేచిపోయిన ఊరూ లేదు. ఆ పుస్తకం వేసినవాళ్లు ఎంత బాగా బురిడీ కొట్టించారు మా నాయనను అనుకున్నాను. కళ్లు మూసుకునే ఉన్న నాయన అప్పుడు మాట్లాడాడు.

"మునిగింది నిజమే. పుస్తకంల ఆఖర్న ఉన్నది."

"ఏ పుస్తకంల నాయనా?" అని అడిగాను, తెలిసి కూడా.

"గదే. ఊరు ముంచిన్రు, మంది తలో దిక్కు పోయిన్రు అని రాసిన్రు."

"మరి అమ్మమ్మ ఊర్ల గట్లెందుకు చెప్పినవ్?"

ఆయన కళ్లు తెరిచాడు. ఏ తడబాటూ లేదు. "ఎట్లైన పోవాల్సినోళ్లే గద సుగుణా. నేనేమంటే నీళ్లు ఆగుతయా? ఏడ్సుకుంట పోయేదానికంటె, ఏదన్న ఆశ మీద పోతె మంచిదనుకున్న."

పిచ్చివాడైతే బాగుండేది. పిచ్చివాడిని నేను ఎప్పుడో క్షమించాను, ఎంతో ప్రేమగా వెక్కిరించాను, ఆయన మీద ఇంత కథ కట్టుకున్నాను. ఈ మంచంలో పడుకున్నది ఆయన కాదు. అన్నీ తెలిసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని జీపెక్కిన మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాళ్లు కదలమని కూసున్నరు నాయనా. జాగ చూపెట్టెదాంక కదలమన్నరు. నువ్వే లేపినవ్."

"లేపిన" అన్నాడు.

స్వప్న ఫోను సంచిలో పెట్టుకుని, పోయొస్త అత్తమ్మా అని లేచింది. నాయనకు తినే వేళ అయింది. వంటింట్లోకి పోయి పొయ్యి మీది జొన్న జావ గిన్నెలో పోసుకుని తెచ్చాను. ఆయన తల కింద దిండు ఎత్తుగా పెట్టాను, మెడకు తువ్వాల చుట్టాను. ఆయన నోరు తెరిచాడు. రోజూ ఊది పెడతాను. ఆ పూట ఊదలేదు.